ఆళ్లగడ్డలో ప్రతిక్షేపణ పాఠం

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లు కొందరు ఈమధ్య మా ఇంటికొచ్చారు. మాటల్లో మాటగా, "సార్, మీరు చూసినవాళ్లలో లెక్కలు బాగా చెప్పినవాళ్లెవరు?" అని అడిగారు. నేను నా గురించే చెప్పుకుంటానేమోనని కాసేపు మర్యాదగా ఎదురుచూశారు కూడా. ఆ అవకాశం వాళ్లకివ్వలేదు. ఆళ్లగడ్డలో నాతో పనిచేసిన ఒక టీచరమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాను. బస్సు టైమైందని వాళ్లు లేచేసరికి సగం కూడా కాలేదు. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను నంద్యాలలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. సిలబస్ అందరికంటే ముందు ముగించేస్తాడని నాకు పేరుండేది. రెండు తెలియని రాశులు, రెండు సమీకరణాలు ఉన్న లెక్కలొస్తే నాది తొలగించే పద్ధతే. పైదాన్ని ఒక అంకెతో, కిందిదాన్ని ఇంకో అంకెతో గుణించు, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్, ఒక రాశి ఎగిరిపోతుంది, రెండోది బయటపడుతుంది. ప్రతిక్షేపణ పద్ధతి వేరే. అందులో ముందు ఒక సమీకరణం పట్టుకుని, వై అంటే ఎంతో ఎక్స్‌లో రాసుకోవాలి. ఆ రాసుకున్నదాన్ని రెండో సమీకరణంలో వై ఉన్నచోట పెట్టాలి. పిల్లలు గుర్తుల దగ్గర తడబడతారు, టైము పడుతుంది. పుస్తకంలో ఉంది కాబట్టి ఒక్క లెక్క బోర్డు మీద చేసి చూపించి, పేజీ తిప్పేసేవాణ్ణి.

ఒక ఏడాది దసరా సెలవులు కాగానే, పరీక్షలయ్యేదాకా ఆళ్లగడ్డలో పనిచేయమని నన్ను పంపారు. బస్సు దిగి బడికి పోయేసరికి హెడ్మాస్టరు నాకోసమే కూర్చుని ఉన్నాడు. కుర్చీ చూపించి, తలుపు దగ్గరికి వేశాడు.

"చూడప్పా, నిన్నెందుకు పిలిపిచ్చినానో చెప్తా. మా టీచరమ్మ మంచిదే. మంచితనానికి మార్కులు పడవు గదా. పోయినేడు పదిలో లెక్కలు శానామంది తప్పినారు. పెద్దాయన కొడుకు గూడా తప్పినాడు. ఆయన వచ్చి ఈడే, నువ్వు కూచున్న కుర్చీలోనే కూచోని, ఆయమ్మకు పదో తరగతి ఎట్ల ఇచ్చినారని అడిగినాడు."

పెద్దాయనంటే ఆ చుట్టుపక్కల తరాల నుంచి భూములున్న కుటుంబం మనిషి. బడికి గదులు కట్టించింది వాళ్లే. టీచరమ్మది చాగలమర్రి దగ్గర ఒక పల్లె. వాళ్ల నాయన అలాంటి భూముల్లో కూలికి పోయినవాడు. ఆమె నంద్యాలలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది, లెక్కల్లో డిగ్రీ చేసింది, బి.ఇడి. చేసింది. "ఆయమ్మకు ఎట్ల ఇచ్చినారు" అన్న మాటలో ఒక్క మార్కుల సంగతే ఉందని నేననుకోలేదు. హెడ్మాస్టరూ అనుకుని ఉండడు. కానీ ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది, గొడవలంటే భయం.

ఆమెను పిలిపించి నా ముందే సంగతి చెప్పాడు. సన్నగా, పొడుగ్గా ఉంది, చేతినిండా సుద్దపొడి. విని, "సరే సార్" అంది. ఏడవలేదు, వాదించలేదు. వరండాలోకి వచ్చాక మాత్రం నన్ను ఆపింది.

"సార్, ఒక మాట. సమీకరణాల పాఠం సగంలో ఉండాది. పిల్లోల్లు ఇప్పుడిప్పుడే పట్టుకుంటాండారు. అది ముగించి ఇస్తా. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఆ పాఠం ఎంతసేపమ్మా, రెండ్రోజుల్లో అయిపోతుంది కదా" అన్నాను.

"అయిపోతాది సార్, మనకు" అంది.

ఆ "మనకు" అన్నమాట విన్నాక నేనే హెడ్మాస్టరుకు చెప్పి ఒప్పించాను. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చేలోపల క్లాసు నా చేతికి రావాలని, ఈలోగా పిల్లలు నాకు అలవాటు కావడానికి వెళ్లి వెనక కూర్చోవాలని ఆయన షరతు పెట్టాడు. అట్లా నేను ఆమె క్లాసులో కడపటి బెంచీ మీద చేరాను. ఆ బడికి కొంచెం అవతల రాతిబొమ్మలు చెక్కే శిల్పుల పాకలుండేవి. ఉలిదెబ్బలు వినపడుతూనే ఉండేవి. ఆ టకటక మధ్య ఆమె పాఠం సాగేది.

మొదటిరోజు నాకు విసుగే పుట్టింది. పీరియడ్ సగం దాటింది, బోర్డు మీద ఒక్క లెక్క కూడా ముగియలేదు. ఇద్దరు పిల్లల్ని లేపి ముందు నిలబెట్టింది. ఒకడు పై సమీకరణం, ఇంకొకడు కింది సమీకరణం.

"సమీకరణమంటే ఏందీ? ఒక మనిషి చెప్పే మాట. ఎక్స్, వై ఎవరో మనకు తెలీదు. ఈ ఇద్దరికి తెలుసు. కానీ ఒక్కరు గూడా పూర్తిగా చెప్పరు. ఏం చెయ్యాల? ముందు ఈయప్పను అడగాల. వై ఎవరప్పా అంటే, ఎక్స్ తెలిస్తే వై తెలుస్తాదని ఒక మాట చెప్తాడు. ఆ మాట మూట గట్టుకోని రెండో ఆయప్ప దగ్గరికి పోవాల. ఆయప్ప మాటలో వై యాడుంటే ఆడ, దాని బదులు ఈ మాట పెట్టాల. అప్పుడు ఆడ ఎక్స్ ఒక్కటే మిగుల్తాది. ఇంక తప్పించుకోలేదు."

పిల్లలు నవ్వుతూ వింటున్నారు. కొన్నాళ్లు చూశాక ఇంకో సంగతి గమనించాను. ఎవరైనా బోర్డు మీద తప్పు చేస్తే ఆమె తుడిచేది కాదు, తుడవనిచ్చేదీ కాదు. ఆ తప్పును అట్లాగే ఉంచి, "ఈడిదాకా ఎట్ల వచ్చినావు, చెప్పు" అనేది. వాడు వచ్చిన దారంతా చెప్పుకుంటూ పోయి, ఎక్కడో ఒకచోట వాడే ఆగిపోయేవాడు. నేనైతే తుడిచేసి, సరైంది రాసి, ముందుకు పోయేవాణ్ణి. నా క్లాసులో పిల్లలు లెక్క ఎట్లా చేయాలో నేర్చుకున్నారు. ఈమె క్లాసులో పిల్లలు తాము చేసిందేమిటో చెప్పడం నేర్చుకుంటున్నారు. ఆ తేడా అర్థమైన రోజు నుంచి నేను పిల్లలకు అలవాటు కావడానికి కాకుండా, పాఠం వినడానికే పోయేవాణ్ణి.

కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. వాగవతలి పల్లె నుంచి నడిచి వచ్చేది. తెలిసినా నోరు తెరిచేది కాదు. పదిలో తప్పితే పత్తిచేలోకే పొమ్మని వాళ్ల నాయన చెప్పేశాడట. టీచరమ్మ ఆ పిల్లను ఎప్పుడూ గద్దించి అడిగేది కాదు. పక్కనుంచి పోతూ పోతూ నోటుబుక్కులోకి తొంగి చూసి, "ఊ, పోనీ, ఇంకా పోనీ" అని వెళ్లిపోయేది.

నంద్యాల నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు దగ్గరపడింది. ఆయన లెక్కలు చదివిన మనిషి. ఏ క్లాసుకు పోయినా పుస్తకం మూయించి, తన సొంత లెక్క ఇస్తాడని అందరికీ హడలు. హెడ్మాస్టరు అంతా కుదిర్చిపెట్టాడు. మధ్యాహ్నం నేను పదో తరగతి తీసుకోవాలి, ఫలానా లెక్క ఇవ్వాలి, బాగా చదివే ఫలానా పిల్లవాణ్ణి లేపాలి. పెద్దాయనను కూడా రమ్మని కబురుపెట్టాడు, టీచర్ని మార్చిన సంగతి కళ్లారా చూస్తాడని.

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పొద్దున్నే దిగి, ఆఫీసు గదికి కూడా పోకుండా వరండాలో నడుచుకుంటూ నేరుగా పదో తరగతిలోకి వచ్చేశాడు. అప్పుడు నడుస్తున్నది టీచరమ్మ పీరియడ్. నేను వెనక బెంచీలో ఉన్నాను. హెడ్మాస్టరు పరుగులాంటి నడకతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక పెద్దాయన, భుజం మీద కండువాతో.

"ఈ క్లాసుకు లెక్కలు ఎవరు చెబుతున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వెనక కూచున్నాడే, ఆయన సార్. నంద్యాల నుంచి వచ్చినాడు" అన్నాడు హెడ్మాస్టరు, లెమ్మని నాకు కళ్లతో సైగ చేస్తూ.

లేచాను. లేచి, "ఈ పాఠం మొదటి నుంచి ఆమే చెబుతున్నారు సార్. నేను వింటున్నాను" అన్నాను.

హెడ్మాస్టరు ముఖం నల్లబడింది. ఇన్‌స్పెక్టరు నన్నొకసారి, ఆమెనొకసారి చూసి, "అయితే కానివ్వండమ్మా" అని, క్లాసంతా కలియజూసి, కిటికీ వైపు వేలు చూపించాడు. "ఆ పాపను రమ్మనండి."

ఆయన చూపించింది వాగవతలి అమ్మాయిని.

ఆయన లెక్క చెప్పాడు. రెండు ఎక్స్‌లు, ఒక వై కలిపితే పదకొండు. ఒక ఎక్స్, మూడు వైలు కలిపితే పదమూడు. ఆ పిల్ల బోర్డు మీద రెండూ రాసింది. పైదాంట్లోంచి వై అంటే పదకొండులోంచి రెండు ఎక్స్‌లు తీసేసినంత అని సరిగ్గానే రాసింది. ఆ తర్వాత కంగారులో, దాన్ని తీసుకుపోయి మళ్లీ ఆ పై సమీకరణంలోనే పెట్టింది. ఎక్స్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుపోయాయి. పదకొండు ఈజ్ ఈక్వల్ టు పదకొండు అని తేలింది. ఆ పిల్ల చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వెనక మగపిల్లలు కిసుక్కుమన్నారు. "ఎక్స్ ఎక్కడికి పోయింది పాపా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ పిల్ల రొంత డల్లు సార్. ఇంకొకర్ని పిలుస్తా" అన్నాడు హెడ్మాస్టరు.

"వద్దు సార్" అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు గానీ, ఆ మాటతో గది మొత్తం సద్దుమణిగింది. "ఆ పాపే చేస్తాది." అని పోయి ఆ అమ్మాయి పక్కన నిలబడింది. "పదకొండు, పదకొండుకు సమానమా, కాదా?"

"సమానమే మేడమ్."

"అంటే నువ్వు రాసింది నిజమే. అబద్ధం రాయలేదు. కానీ ఆ నిజంతో మనకు పని కాలేదు. ఎందుకని కాలేదు? వై సంగతి నీకు ఎవరు చెప్పినారు?"

"పై సమీకరణం."

"ఆ మాట తీసుకోని యాడికి పోయినావు?"

ఆ పిల్ల బోర్డు వైపు చాలాసేపు చూసింది. టీచరమ్మ కదల్లేదు. హెడ్మాస్టరు దగ్గాడు. బయట ఉలిదెబ్బలు వినిపిస్తున్నాయి.

"మళ్లా పైదాని దగ్గరికే పోయినా మేడమ్."

"ఆయప్ప ఏమన్నాడు?"

"నేను చెప్పిన మాట నాకే చెప్తాండావు గదా అన్నాడు."

క్లాసు మళ్లీ నవ్వింది. ఈసారి ఆ పిల్ల కూడా నవ్వింది. "ఇప్పుడు యాడికి పోవాల?" "కిందాయప్ప దగ్గరికి." అంతే. సుద్దముక్క మళ్లీ కదిలింది. పదకొండు ఈజ్ ఈక్వల్ టు పదకొండును అట్లాగే ఉంచి, దాని పక్కన మొదలుపెట్టి, ఎక్స్ నాలుగని, వై మూడని తేల్చింది. ఎవరూ చెప్పకుండానే రెండు సమీకరణాల్లోనూ ఆ విలువలు పెట్టి సరిచూసింది.

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. అక్కడితో వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. తానే ముందుకొచ్చి సుద్దముక్క అందుకుని ఇంకో రెండు సమీకరణాలు రాశాడు. ఒక ఎక్స్, రెండు వైలు కలిపితే ఏడు. మూడు ఎక్స్‌లు, ఆరు వైలు కలిపితే ఇరవై. నాకు చూడగానే అర్థమైంది, దీనికి జవాబు లేదు. పైదాన్ని మూడింతలు చేస్తే ఇరవై ఒకటి కావాలి, కిందేమో ఇరవై అంటోంది. ఇటువంటి లెక్క పదో తరగతి పిల్లలకు ఇవ్వాలని నాకెప్పుడూ తోచలేదు. టీచరమ్మ కూడా ఇంకా అక్కడిదాకా రాలేదని నాకు తెలుసు, రోజూ వింటున్నాను కదా.

ఆ పిల్ల జాగ్రత్తగా చేసింది. ఈసారి పైదాని మాట పట్టుకుని కిందిదాని దగ్గరికే పోయింది. వైలు కొట్టుకుపోయాయి. ఇరవై ఒకటి ఈజ్ ఈక్వల్ టు ఇరవై అని వచ్చింది. హెడ్మాస్టరు కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు.

నేను టీచరమ్మను చూశాను. సాయం చేయడానికి ఒక్క మాట, ఒక్క సైగ లేదు. ఆమె బోర్డు వైపు చూడటమే లేదు. ఆ పిల్ల ముఖం చూస్తోంది. పిల్ల తను రాసిందంతా పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదువుకుంది. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"నేను తప్పు చెయ్యలేదు సార్."

"మరి ఇరవై ఒకటి ఇరవై ఎట్లా అయింది?"

"కాదు సార్. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెప్తాండారు."

ఆయన "ఎవరు?" అన్నాడు.

"అది మనకు తెలీదు సార్. ఇద్దరిదీ ఒకేతూరి నిజమయ్యేది మాత్రం కుదర్దు."

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి, నవ్వడం మొదలుపెట్టాడు. ఎగతాళి నవ్వు కాదు. మంచి పాట విన్నవాడి నవ్వు. "ఈ ఒక్క మాటకు కాలేజీలో మాతో పేజీలకు పేజీలు రాయించారు" అని, టీచరమ్మ వైపు తిరిగాడు. "ఇది మీరు నేర్పిందేనా?"

"లేదు సార్. ఇట్లాంటి లెక్క ఇంకా చేయించలేదు. ఆ పాపే చెప్పింది" అంది. అప్పుడు ఆమె ముఖంలో కనిపించిన సంతోషం, నాకు ఏ పరీక్ష ఫలితాల రోజూ ఎవరి ముఖంలోనూ కనపడలేదు.

ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరుతో ఒకే మాట అన్నాడు, ఏడాది మధ్యలో ఆ క్లాసుకు టీచర్ని మార్చొద్దని. నేను తొమ్మిదో తరగతి ఇమ్మని అడిగి తీసుకున్నాను. హెడ్మాస్టరు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే కాఫీకి పిలిచాడు.

ఆ వారమే పెద్దాయన మళ్లీ బడికొచ్చాడు. ఈసారి వెంట కొడుకును తెచ్చాడు. ఆఫీసు గదికి పోకుండా పదో తరగతి ముందు వరండాలో నిలబడి, ఆమె బయటికొచ్చేదాకా ఆగాడు. ఆయన ఎవరికోసమైనా ఆగడం నేను చూసింది అప్పుడే.

"అమ్మా, మావోడు మళ్లా పరీక్షకు కట్టినాడు. నీ క్లాసులో వెనక యాడన్నా కూచోబెట్టుకోమ్మా" అన్నాడు.

"వెనక ఎందుకప్పా? ముందర్నే కూచోమను" అంది. కుర్రవాణ్ణి భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పెద్దాయన కాసేపు ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఏడు అందరూ పాసయ్యారని రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. తప్పినవాళ్లున్నారు. అంతకుముందటి ఏటికంటే బాగా తగ్గారు. కిటికీ పక్క అమ్మాయి పాసై, ఇంటర్ చదవడానికి నంద్యాల హాస్టల్లో చేరింది. వాళ్ల నాయనను ఒప్పించడానికి టీచరమ్మ వాగు దాటి ఎన్నిసార్లు పోయివచ్చిందో నాకు తెలుసు. పెద్దాయన కొడుకు అంచు మీద గట్టెక్కాడు. తప్పినవాళ్లను ఎండాకాలమంతా చర్చి వసారాలో కూర్చోబెట్టుకుని ఆమె మళ్లీ చదివించింది.

నన్ను ఆళ్లగడ్డలోనే ఉంచేయమని అడిగి ఉండిపోయాను. ఎనభైలు మొదలయ్యాక, నంద్యాలలో లెక్కల టీచర్లందరినీ కూర్చోబెట్టిన ఒక సమావేశంలో ఈ పాఠం చెప్పమని ఆ ఇన్‌స్పెక్టరే ఆమెను పిలిపించాడు. అప్పటికి నన్ను సార్ అనడం మానేసి అన్నా అంటోంది. బస్సులో కూర్చున్నప్పటి నుంచి ఒకటే దిగులు.

"అన్నా, ఆడ పుస్తకంలో మాదిరి మాట్లాడాల్నా?"

"క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడమ్మా" అన్నాను.

వినలేదు. హాలు నిండా పెద్ద పెద్ద మాస్టర్లు, ఎక్కువమంది మగవాళ్లే. ఆమె లేచి గ్రాంథికంలాంటి తెలుగులో మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే ప్రతిక్షేపణ అన్న మాట దగ్గర తడబడింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె ఆగి, గ్లాసులో నీళ్లు తాగింది. తర్వాత కొంగు బిగించుకుని, "సార్, ఇది నాతో కాదు. ఆళ్లగడ్డలో చెప్పినట్టే చెప్తా. మీరు ఈడికి రాండి, మీరు ఆడ నిలబడండి" అని ముందు వరసలోంచి గుబురు మీసాల సీనియర్ మాస్టర్లిద్దరిని లేపి, ఒకరిని పై సమీకరణం, ఒకరిని కింది సమీకరణం చేసింది. కాసేపటికి ఆ హాలు పదో తరగతి మాదిరే నవ్వుతూ వింటోంది.

పాఠం అయ్యాక ప్రశ్నలడగమన్నారు. నెరిసిన జుట్టు మాస్టారు ఒకాయన లేచాడు. ఏం తప్పు పడతాడోనని నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

"అమ్మా, ఇదే నాకు ఆఖరి సంవత్సరం. ఈ పాఠం ఇంకొక్కసారే చెప్తాను. నువ్వు చెప్పినట్టే చెప్పిపోతా" అని కూర్చున్నాడు.

ఆమె నమస్కారం పెట్టి దిగిపోయింది. తిరుగు బస్సు శిరివెళ్ల దాటాక అడిగింది.

"ఆయప్ప బడి యాడన్నా?"

"అవుకు దగ్గర ఏదో పల్లె అంటమ్మా."

"ఆయప్ప ఈ పాఠం చెప్పేటప్పుడు పోయి వినాలని ఉండాదన్నా."

ఊరికే అందనుకున్నాను. దసరా దాటాక, ఆ పాఠం ఏ రోజో కనుక్కుని, ఒకరోజు సెలవు పెట్టి, బస్సులు మారి అవుకు దగ్గర ఆ పల్లెకు పోయింది. ఆ మాస్టారు గుమ్మంలో ఆమెను చూసి, చేతిలో ఉన్న సుద్దముక్క ఆమెకు అందించబోయాడట. "మీరే చెప్పండి నాయనా" అని, ఆమె లోపలికి పోయి, ఆడపిల్లల మధ్య కొంచెం జరగమని చోటు అడిగి కూర్చుందట.